వదిన గొంతు, మరదలి టూరు

గడ్డిఅన్నారం,
ఆగస్టు 24

సుప్రియకు,

నువ్వూ, గిటారు పట్టుకుని మీ అన్నా, డ్రమ్ముల మహేషూ విమానమెక్కి ఒక రోజైంది. నేను తల్లిగారింట్లో, గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఇది రాస్తున్నా. ఫోన్ చేయడానికి లేదు కదా. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆరు వారాలు నోరు తెరవొద్దన్నాడు. గుసగుసలాడినా గొంతుకు దెబ్బేనట. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా కొడితే నా కోపం సరిగా రాదు. అందుకే మెయిల్‌లో ఉత్తరాలు రాస్తా. నువ్వు కూడా ఉత్తరమే రాయాలి. వదినగా ఇది నా ఆజ్ఞ.

ముందే చెప్తున్నా, నాకు కుళ్లుగా ఉంది. దాచుకుంటే కడుపునొప్పి వస్తుందేమోనని చెప్పేస్తున్నా. పన్నెండేళ్లు ఎల్బీ నగర్‌లో ట్యూబుల షాపు పైన, రేకుల గదిలో 'కంకర' బ్యాండు కోసం అరిచింది నేను. హెవీ మెటల్ అంటే ఇనుప సామాను వ్యాపారమా అని అడిగిన చుట్టాలకు ఓపిగ్గా జవాబు చెప్పింది నేను. తీరా యూరప్‌లో పద్నాలుగు ఊళ్లలో ప్రోగ్రాములు ఖాయమయ్యాక స్వరపేటిక మీద కాయ లేచిందీ నాకే. మా టీషర్టుల బల్ల దగ్గర నిలబడే నువ్వేమో, పాటలన్నీ నోటికొచ్చిన దానివి కాబట్టి నా మైకు పట్టుకుని వెళ్లావు.

డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పనేలేదు. "మీరు గొంతు బిగించి అరిచిండ్రు మేడమ్. సౌండ్ చెక్‌లనే గంటలకు గంటలు అరిచి ఖరాబ్ చేసుకున్నరు" అన్నాడు. నాయన పక్కనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఇక్కడి పండ్ల మార్కెట్‌లో బత్తాయిల వేలం, అదే హర్రాజు, పిలిచిన మనిషి. ఒక్కనాడూ ఆయన గొంతు పోలేదు. మనకు పేరు తెచ్చిన 'హర్రాజు' పాట ఆయన పిలుపే. కడుపులోంచి పిలవమని ఎన్నిసార్లు చెప్పాడో. నేను విన్నానా?

ఎయిర్‌పోర్టు ఫొటోలో నా నల్ల తోలు జాకెట్ వేసుకున్నావు. భుజాల దగ్గర నీకు వదులుగా ఉంది. చూసి సంతోషించాను.

జాగ్రత్తగా పాడు. మరీ బాగా పాడకు.

నీ వదిన,
గీత

—

లైప్‌జిగ్, జర్మనీ,
సెప్టెంబరు 1

వదినకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత భయపడ్డాను. నవ్వింది అన్నకు చెప్పాను, భయపడింది చెప్పలేదు.

మొదటి ప్రోగ్రాం అయిపోయింది. పాత రైలు షెడ్డును హాలుగా మార్చారు. మూడొందల మంది దాకా వచ్చారు. మనది అందరికన్నా ముందు పాడే బ్యాండే కాబట్టి సగం మంది బయట బీరు తాగుతూనే ఉన్నారు. గోడ మీద పోస్టర్‌లో ఉన్నది నువ్వే. నీ ఫొటో కింద నిలబడి నేను పాడాను. మొదటి పాటలో నా గొంతు రెండుసార్లు పలకలేదు. ముందు వరసలో గడ్డం మనిషి ఒకాయన అట్టముక్క మీద 'గీత ఎక్కడ?' అని ఇంగ్లీషులో రాసి పట్టుకున్నాడు. పాట పాటకూ పైకెత్తాడు.

దిగాక అన్న మంచినీళ్లిచ్చి, "గీతైతే రెండో చరణం ఒక్క ఊపిరిల లాగుతది" అన్నాడు. తిట్టలేదులే. గుర్తొచ్చి అన్నాడు. ఈ వాక్యం మాత్రం ప్రతి ఊళ్లోనూ వినాల్సి వస్తుందని నాకు అర్థమైంది.

మా అమ్మ కట్టిచ్చిన కరివేపాకు పొడి మూడోరోజుకే సగమైంది. మహేష్ బ్రెడ్డు మీద చల్లుకుని తింటున్నాడు. నీ గొంతు ఎలా ఉంది? నొప్పి తగ్గిందా?

సుప్రియ

—

గడ్డిఅన్నారం,
సెప్టెంబరు 6

సుప్రియా,

ఆ గడ్డం మనిషికి నా తరఫున ఒక టీషర్టు ఊరికే ఇవ్వు.

మహేష్ మన గ్రూపులో పెట్టిన వీడియో పదకొండుసార్లు చూశాను. తప్పులు వెతకడానికే చూశాను. రెండే దొరికాయి, అవీ నువ్వే ముందు రాసేశావు. ఆ మాత్రం సంతోషం కూడా మిగల్చలేదు. పన్నెండోసారి చూడకుండా గ్రూపులోంచి బయటికొచ్చేశా. మీ అన్న ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి "మంచిగనే ఉన్నది" అని పెట్టేస్తోంది. ఇకమీదట టూరు సంగతులు నాకు నీ ఉత్తరాల్లోంచే తెలియాలి.

ఇక్కడి బతుకు విను. మాట లేదు కాబట్టి చెవులు కూడా పోయాయని అమ్మ తీర్మానించుకుంది. "బిడ్డా, తింటవా? తింటవా అంటున్న!" అని వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. మొన్న ఎల్బీ నగర్ మెట్రో కింద ఆటో ఆపి, కొత్తపేట దవాఖాన అని కాగితం చూపించా. ఆటోవాడు జాలిగా చూసి, "పైసలొద్దు తీయక్కా" అన్నాడు. ఊరు మొత్తానికీ వినిపించే గొంతు నాది! బలవంతంగా వాడి జేబులో డబ్బులు కుక్కి దిగాను.

నీకేమో జర్మనీలో చప్పట్లు. నువ్వు ఎక్కిన ప్రతి బస్సు, తిన్న ప్రతి రొట్టె నాదేననిపిస్తోంది. నీకు అక్కడ జలుబు చేసిందని మీ అమ్మ చెబితే, ఆ జలుబు కూడా నాకు రావాల్సిందే కదా అనుకున్నాను. ఇంత దాకా వచ్చింది నా సంగతి.

గీత

—

ప్రాగ్,
సెప్టెంబరు 13

వదినకు,

ఈసారి మంచి కబురు. ఎలా రాస్తే నీకు నొప్పి ఉండదో తెలియక రెండు రోజులు ఆగాను. చివరికి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

ఇక్కడ మొదటి రెండు పాటలూ మెల్లగా మొదలుపెట్టాను. దాదాపు మాట్లాడినట్టే. వినపడక బయట ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి, స్టేజీ దగ్గరికి వచ్చారు. అందరూ దగ్గరికి చేరాక మూడో పాటకు గొంతు విప్పాను. హాలు అదిరింది. దిగాక అన్న ఎవరి పేరూ ఎత్తలేదు.

చివర్లో 'హర్రాజు' పాడాను. ఏడొందల మంది చేతులెత్తి వేలం పాడుతుంటే ఒళ్లు తెలియలేదు. నువ్వెప్పుడూ "ఒకటోసారి, రెండోసారి" అని ఆపేస్తావు కదా, అక్కడ గిటారు ఠక్కున ఆగిపోతుంది. నేను ఆగలేకపోయాను. "మూడోసారి" అనేశాను. వాళ్లకు తెలుగు రాదు, అయినా అది ముగింపని ఎలా తెలిసిందో! పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు.

తర్వాతి ఊరు క్రాకోవ్‌లోనూ అలాగే పాడదామని మహేష్ అంటున్నాడు. నువ్వేమంటావు?

సుప్రియ

—

గడ్డిఅన్నారం,
సెప్టెంబరు 17

సుప్రియా,

నేనేమంటాను? అనేశాక అడుగుతున్నావు కదా!

ఆ పాటలో మూడోసారి ఎందుకు లేదో మీలో ఎవరూ గుర్తుపెట్టుకోలేదా? మూడోసారి అంటే సరుకు చేతులు మారిపోయినట్టు. సరుకు ఎదురుగా లేకుండా ఆ మాట అనకూడదని నాయన కట్టుబాటు. ఆయన నాకు పిలుపు నేర్పిన రోజున నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. ప్రాగ్‌లో నీ ముందున్న సరుకేంది? నేను చెప్పనా? నా పాట. నా చోటు. ఏడొందల మంది ముందు దాన్ని నువ్వే పాడుకుని, నువ్వే కొట్టేసుకున్నావు.

ఇంకొకటి. మెల్లగా మొదలుపెట్టి మనుషుల్ని దగ్గరికి రప్పించడం నీకెవరు చెప్పారు? అది హర్రాజు పిలిచేవాళ్ల పని. మొదటి కుప్పలు మెల్లగా పిలుస్తారు, కొనేవాళ్లు వినడానికి చుట్టూ మూగుతారు. పోచంపల్లి చీరల కొట్టులో పెరిగిన నీకు ఆ కిటుకు ఎక్కడిది?

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్లాం. పుండు పూర్తిగా మానలేదట. ఆ ఆరు వారాల పైన ఇంకో మూడు వారాలు మౌనం అన్నాడు. ఆ తర్వాత బ్యాండులో పాడొచ్చా అని కాగితం మీద రాసి చూపించా. "ముందు మాట రానియ్యండి మేడమ్" అన్నాడు. ఆ జవాబు నీకు అర్థమైందా? నాకు అర్థమైంది.

ఇంట్లో నాయన ఒక్కడే హుషారుగా ఉన్నాడు. మార్కెట్‌ను ఊరి బయట బాటసింగారానికి తరలించాక నాలుగేళ్లుగా కుర్చీలోంచి లేవని మనిషి, ఇప్పుడు రోజూ గడ్డం గీసుకుంటున్నాడు. నాలుగింటికి ఫోన్ పట్టుకుని డాబా మీదికి పోతాడు. పాత దోస్తు జానయ్యతో ముచ్చట్లట. కూతురు మూగదై కూర్చుంటే ఆయనకు ముచ్చట్లు. ఈ ఇంట్లో నాకు ఎవరి మీద కోపం రావట్లేదో అది అడుగు, తొందరగా చెప్పేస్తా.

గీత

—

క్రాకోవ్, పోలండ్,
సెప్టెంబరు 22

వదినకు,

తప్పయింది. ఇక ఆ మాట అననులే.

మెల్లగా మొదలుపెట్టడం నాకే తోచింది. ఎవరూ చెప్పలేదు.

పోస్టర్ మార్చారు. ఇప్పుడు నా ఫొటో ఉంది. నేను అడగలేదు, టూరు నడిపేవాళ్లు వేశారు. ఎవరి నోటో వినేకన్నా నేనే చెప్పడం మంచిదని రాస్తున్నా.

అక్టోబరు 12న నార్వేలో, బెర్గెన్‌లో ఆఖరి ప్రోగ్రాం. పదివేల మంది వచ్చే మైదానం. నాకు నిజంగా భయంగా ఉంది. అంతమంది ముందు చివరి పాట దాకా గొంతు నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పు వదినా. నువ్వు చెబితే ధైర్యం వస్తుంది.

సుప్రియ

—

గడ్డిఅన్నారం,
సెప్టెంబరు 27

నా బంగారు సుప్రియకు,

మొన్నటి ఉత్తరం మనసులో పెట్టుకోకు. నోరు మూసుకుని కూర్చుంటే బుర్రలో మాటలు పులిసిపోతాయి, అలా పులిసిన మాటలే అవి. మీ అన్నతో నా పెళ్లిలో నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్లవు నువ్వు. నీకు పేరొస్తే నాకు కాదా?

నీ ఫొటోతో పోస్టర్ వేశారన్నావు. మంచి పని చేశారు.

బెర్గెన్ సంగతి చెప్తా, శ్రద్ధగా విను. చిన్న హాళ్లలో సరిపోయిన పద్ధతి పెద్ద మైదానంలో సరిపోదు. పొద్దున సౌండ్ చెక్‌లో గంటసేపు పూర్తి గొంతుతో పాడు, గొంతు వేడెక్కాలి. మెల్లగా మొదలుపెట్టే ఆటలు అక్కడ వద్దు, మొదటి పాట నుంచే ఎత్తుకో. చివరి పాటకు గడ్డం పైకెత్తి, గొంతు గట్టిగా బిగించి తోయి. కొంచెం మంట పుడుతుంది. మంట పుట్టిందంటే సరిగ్గా వస్తున్నట్టు లెక్క. ఆపకు. పన్నెండేళ్లు నేను పాడింది అలాగే.

మీ అన్నకు ఇవన్నీ చెప్పనక్కర్లేదు, ఊరికే పరేషాన్ అవుతాడు.

ఇక్కడ అందరం బాగున్నాం. బాగా తిను, బాగా నిద్రపో.

ఎప్పటికీ నీ వదిన,
గీత

—

బెర్గెన్, నార్వే,
అక్టోబరు 13

వదినా,

నిన్న ప్రోగ్రాం అయిపోయింది. నా గొంతు బాగానే ఉంది. నీకు ముందు ఆ సంగతే చెప్పాలనిపించింది.

నీకు ఒక అబద్ధం చెప్పాను. మెల్లగా మొదలుపెట్టడం నాకు తోచింది కాదు. లైప్‌జిగ్‌లో గొంతు పట్టేసి ఏడుపొచ్చి, ఎవరికి చెప్పాలో తెలియక లచ్చయ్య మామకు, అదే మీ నాయనకు, ఫోన్ చేశాను. అప్పట్నుంచి రోజూ మీకు నాలుగింటికి ఆయన డాబా మీదికొచ్చి నాకు పాఠం చెబుతున్నాడు. జానయ్యా లేడు, ముచ్చట్లూ లేవు. బత్తాయి కుప్పల పేర్లతో పిలిపిస్తాడు, ఊపిరి తప్పితే మళ్లీ మొదట్నుంచి. "గీతకు చెప్పకు బిడ్డా, అసలే దాని పానం మంచిగ లేదు, ఇంకింత నారాజైతది" అన్నాడు. నీకు చెప్పకపోవడం తప్పే. కానీ నాలుగేళ్ల తర్వాత తన పిలుపు అడిగినవాళ్లు దొరికారని ఆయన గొంతులో తెలుస్తుంటే, ఆపమని నేను చెప్పలేకపోయాను.

నీ ఉత్తరం వచ్చిన రోజున సంతోషం పట్టలేక మామకు మొత్తం చదివి వినిపించాను. వదిన మనసు మారింది, ఎంత ప్రేమగా రాసిందో చూడండి అని. 'మంట పుట్టిందంటే సరిగ్గా వస్తున్నట్టు' అన్న దగ్గర మామ "ఆగు బిడ్డా" అన్నాడు. ఆ వాక్యం మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత, "రాసింది గీతేనా?" అని అడిగాడు.

అవునన్నాను.

"అట్ల పిలువకు, గొంతు పగుల్తది. దానికి తెల్వక రాసి ఉంటది. నేనే సరిగ చెప్పలేదేమో దానికి" అన్నాడు.

నీకు తెలియక కాదు వదినా. డాక్టరు నీకేం చెప్పాడో మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. ఆ రాత్రి తీసి మళ్లీ చదువుకున్నాను. గంటలకు గంటలు సౌండ్ చెక్. గొంతు బిగించడం. ఒక్కటీ వదలకుండా నాకు రాసి పంపావు.

నాకు నీ మీద కుళ్లు లేదనుకున్నావా? ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు నీ పేరు అడుగుతారు. నీ జాకెట్‌లో, నీ పాటలు, నీ మొగుడి గిటారు పక్కన నిలబడి పాడుతూ, రాత్రి పడుకునే ముందు ఈ పిచ్చిదానికి ఎప్పుడు గొంతొస్తుందా, టీషర్టుల బల్ల దగ్గరి నా చోటు నాకు ఎప్పుడొస్తుందా అని ఏడ్చాను. ఆ పిచ్చిదానికి గొంతు రాకపోతే బాగుండని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు.

ఇంకొకటి దాచాను. యూరప్ రికార్డు కంపెనీ ఒకటి 'కంకర' ఆల్బం చేస్తామంది. గొంతు నాదే కావాలన్నారు. క్రాకోవ్‌లోనే అడిగారు. కుదరదు, అది మా వదిన చోటు అని చెప్పేద్దామనుకున్నా. అన్నతో కూడా అన్నాను. నీ ఉత్తరం వచ్చాక వాళ్లకు ఆ మాట చెప్పలేదు. 24లోపు సంతకం పెట్టాలి. అన్న నీ ఉత్తరం చదివాడు. సంతకం సంగతి నాకే వదిలేశాడు.

సుప్రియ

—

గడ్డిఅన్నారం,
అక్టోబరు 20

సుప్రియా,

నేనే రాశాను. తెలిసే రాశాను. పంపాక చాయ్ కూడా తాగాను. తర్వాత పదహారు రోజులు నీ నుంచి ఉత్తరం లేకపోతే, నీకు గొంతు పోయిందేమోనని భయపడ్డాను. పోతే బాగుండుననీ అనుకున్నాను. రెండూ ఒకే రోజున అనుకున్నాను. నన్ను నేను మంచిగా చూపించుకోవడానికి ఒకటి దాచి ఒకటి చెప్పను.

సంతకం పెట్టు అని చెప్పే పెద్ద మనసు నాకు లేదు. నీ మీద కుళ్లు ఇంకా పోలేదు. నువ్వు రాసిన 'పదివేల మంది' దగ్గర నా కళ్లు ఇప్పటికీ ఆగుతున్నాయి. కానీ నువ్వు వద్దని చెప్పేదానివనీ, నా ఉత్తరమే నీ నోరు మూయించిందనీ చదివాక, వద్దని అడగడానికి నాకు మొహం లేదు. ఇరవై నాలుగున నువ్వు ఏం చేసినా నేను అడగను. మీ అన్న వస్తే నేనే మాట్లాడుకుంటా.

నాయన తనకు ఏమీ తెలియనట్టే ఉన్నాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఆయన మొహం చూడలేకపోయాను. ఆయనకేమో సెప్టెంబరు నుంచీ తెలుసు. రోజూ పొద్దున నా గొంతుకు ఉప్పునీళ్లు కాచి తెచ్చి, చల్లారేదాకా పక్కనే కూర్చునేవాడు. అప్పుడూ తెలుసన్నమాట.

నిన్న డాక్టరు మాట్లాడొచ్చన్నాడు. రోజుకు ఐదు నిమిషాలు, మెల్లగా. అమ్మ ఎల్లమ్మకు మొక్కుకుంది, బిడ్డ నోట మొదటి మాట ఆ అమ్మవారి పేరే రావాలని. ఇంటికొచ్చేసరికి కొబ్బరికాయ, పసుపు, అన్నీ పళ్లెంలో సర్ది, దీపం వెలిగించడానికి లోపలికెళ్లింది. నాయన ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. టీవీలో ఏదో వస్తోంది, ఆయన చూడట్లేదు. నేను వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చున్నాను.

"నేనే రాసిన నాయినా. తెలిసే రాసిన" అన్నాను.

రెండు నెలలకు బయటికొచ్చిన గొంతు. ఎవరిదో అనిపించింది, పగిలిపోయి, సన్నగా. నాయన నా తల మీద చెయ్యి వేసి, "ఎరుకే బిడ్డా" అన్నాడు. ఇంకేదో అంటాడని చూశాను. తిట్టినా బాగుండేది.

మాట వినపడి అమ్మ అగ్గిపెట్టె చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. "మాట్లాడిందా? ఏమన్నది? అయ్యో, నేను లేనప్పుడే మాట్లాడిందా? మొదటి మాట ఏమన్నదయ్యా?" అని నాయన భుజం పట్టి ఊపింది.

"నాయినా అన్నది, గంతే" అన్నాడు నాయన.

గీత